“పేజీ ఫాలో అవ్వండి సార్”: తెలుగు పుస్తక ప్రచురణకర్తలకు బహిరంగ లేఖ



మొన్నటి జనవరిలో విజయవాడ పుస్తకాల పండుగలో మీలో ఒకరి స్టాల్లో అరగంట కూర్చున్నాను. కొనాల్సినవి అప్పటికే కొనేశాను, మోకాళ్లు మొరాయిస్తే కుర్చీ అడిగి తీసుకున్నాను. ఒకాయన వచ్చారు. అరవై దాటి ఉంటాయి. చొక్కా జేబులోంచి రాసుకొచ్చిన చీటీ తీసి, నాలుగు పుస్తకాలు ఏరుకున్నారు. ఎంత తగ్గిస్తారని కూడా అడగలేదు. ఫోనుతో స్కాన్ చేశారు, డబ్బు అందిందని బల్లమీది డబ్బా గట్టిగా చెప్పింది. సంచీ అందుకుంటూ అడిగారు: “ఈ కథల రెండో భాగం ఎప్పుడొస్తుందండీ? వస్తే నాకెట్లా తెలుస్తుంది?”

స్టాల్లో కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. “మన పేజీ ఫాలో అవ్వండి సార్.”

ఆయన సరే అన్నారు. పెళ్లిలో “తప్పకుండా మా ఇంటికి రండి” అంటే అనే సరే లాంటిదది. ఆయన ఏ ఊరివారో, ఆ చీటీలో ఇంకా ఏమేం రాసుకున్నారో ఎవరూ అడగలేదు. తనంతట తాను వచ్చి, డబ్బిచ్చి, “నాకు కబురు చెయ్యండి” అని నోరు తెరిచి అడిగిన మనిషిని జనంలోకి వదిలేశాం. ఈ ఉత్తరం ఆయన కోసం రాస్తున్నాను.

నాకు ఈ బాధ ఎక్కువగా తగలడానికి కారణం ఉంది. వయసులో ఉన్నప్పుడు ఒక చిన్న మాసపత్రిక సర్క్యులేషన్ విభాగంలో పనిచేశాను. విభాగమంటే ఒక బీరువా, ఒక బల్ల, నేను. ఆ బీరువాలో నిలువు గీతల పొడుగు రిజిస్టర్లు ఉండేవి. చందా నంబరు, పేరు, చిరునామా, డబ్బు చేరిన తేదీ, ఏ నెలతో ముగుస్తుంది, ఎర్ర సిరాతో రిమార్కులు. నెలనెలా రేపర్ల మీద అడ్రసులు రాయడం, జిల్లాలవారీగా కట్టలు కట్టడం, రైల్వే తపాలా (ఆర్.ఎం.ఎస్.)కి చేర్చడం నా పని. చందా అయిపోవచ్చినవారి రేపరు మీద “ఈ సంచికతో మీ చందా పూర్తవుతుంది” అని రబ్బరు స్టాంపు. చిరునామాలు కూడా చదవాల్సిన సాహిత్యమే. రాములవారి గుడి వెనక, రేషను షాపు మేడమీద, ఫలానా టీచరుగారి అల్లుడు అని రాసేవారు. బదిలీ అయితే కార్డు ముక్క వచ్చేది. “అడ్రసీ లేరు” అని పోస్టుమాన్ రాసి పంపిన కట్టలు తిరిగొస్తే ఎర్రగీత గీసేవాళ్లం.

సంపాదకుడిగారికి మా రిజిస్టరంటే భయం, భక్తి. ఒక కథ మీద గొడవైనప్పుడు ఆయన బీరువా దగ్గరకొచ్చి, “ఎంతమంది మానేశారు?” అని అడిగేవారు. ఎంతమంది తిట్టారన్నది ఆయనకు పట్టేది కాదు. మానేసినవాళ్లు చాలా తక్కువ. తిట్టినవాళ్లలో సగం మంది పేర్లు అసలు రిజిస్టర్లోనే ఉండేవి కావు.

ఇది పాత పత్రికల ముచ్చట మాత్రమే అనుకోకండి. మీ వృత్తికీ అక్కడ వేళ్లున్నాయి. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావుగారు, మిత్రులు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్రా శాస్త్రమూ తెలుగులో అచ్చువేస్తామన్నప్పుడు, ఆ పుస్తకాల కోసం బజారు ఎక్కడా కాచుకుని లేదు. చందాదారులను కూడగట్టుకునే ఆ గ్రంథమాల నడిచింది. తర్వాత కొన్ని దశాబ్దాలకు ఎమెస్కో ఇంటింటా గ్రంథాలయం అంటూ సభ్యులను చేర్చుకుని, పుస్తకాలను, అందాక డబ్బు కట్టే వి.పి.పి.లో గుమ్మం దాకా పంపింది. ఇద్దరి దగ్గరా ఉన్నది ఒక్కటే: ఎవరు చదువుతారో పేరుతో సహా తెలియడం. ఆ తెలివిడి మనకు ఎప్పుడు జారిపోయిందో గుర్తులేదు. దుకాణాలకు కమిషన్ మీద పుస్తకాలిచ్చి, దుకాణదారుడికి తెలిస్తే చాల్లే అనుకున్న రోజుల్లోనే సగం పోయింది. మిగతా సగం ఫేస్‌బుక్కు వచ్చాక.

ఫేస్‌బుక్కు ఎందుకంత తీపిగా తోచిందో నాకు తెలుసు. పత్రికల్లో పుస్తక సమీక్షలకు చోటు కుంచించుకుపోయింది. 2020 కరోనాలో కొన్ని వారపత్రికలు అచ్చే ఆపేశాయి. ఆ ఖాళీలో అట్ట బొమ్మ పెడితే చాలు, గంటలో మూడొందల లైకులు, అమెరికా నుంచి అభినందనలు. ఎవరికైనా మోజు పుడుతుంది. నాకూ పుట్టింది. పత్రిక మూతపడ్డాక ఒక సామాజిక మాధ్యమంలో పుస్తకాల పేజీ నడిపాను. ఏడేళ్లు. వేలమంది చేరారు. ఒక రాత్రి ఎవడో దాని తాళం మార్చేశాడు. తెల్లారేసరికి నా పేజీలో విదేశీ చెప్పుల ప్రకటనలు. మొర పెట్టుకుంటే యంత్రం జవాబిచ్చింది, మళ్లీ మొర పెడితే మళ్లీ అదే జవాబు. మనిషి గొంతు ఒక్కసారి కూడా వినపడలేదు. నన్ను ఏడిపించింది పేజీ పోవడం కాదు. ఏడేళ్లుగా రోజూ మాట్లాడుకున్నవాళ్లలో ఒక్కరికైనా “పేజీ పోయింది, నేనిక్కడున్నాను” అని చెప్పడానికి దారి లేకపోవడం. పేర్లు గుర్తున్నాయి, మాటలు గుర్తున్నాయి. చిరునామా ఒక్కటి లేదు. రిజిస్టర్ల మధ్య పెరిగిన మనిషిని, నాకే తట్టలేదు చూడండి.

నాది చిన్న కథ. పెద్దవి మీరూ చూశారు. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూసేశారు. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. 2020 జూన్ 29 రాత్రి కేంద్ర ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు అందులో టిక్‌టాక్ ఒకటి. పొలం గట్ల మీద వీడియోలు చేసి లక్షలమందిని సంపాదించుకున్న మన పల్లెటూరి పిల్లలు మర్నాడు మళ్లీ సున్నా నుంచి మొదలెట్టారు. వాళ్ల తప్పేమీ లేదు. నిషేధం సబబా కాదా అన్నది నా వాదం కాదు. లక్షమంది అభిమానులున్నవాడికి తెల్లారాక ఫోను చెయ్యడానికి పదిమంది నంబర్లు ఉన్నాయా అన్నదే నా ప్రశ్న.

యాప్ మూతపడాల్సిన పని కూడా లేదు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తనే బహిరంగంగా చెప్పింది: ఇకపై స్నేహితుల, బంధువుల పోస్టులకు ముందుచోటు, పేజీలకు తక్కువ. అది వాళ్ల దుకాణం, వాళ్ల ఇష్టం. మీ పేజీకి ఇరవైవేల మంది ఉన్నా, మీరు పెట్టిన పోస్టు ఎవరి ముందు పడాలో నిర్ణయించేది మీరు కాదు, ఆ ఇరవైవేల మందీ కాదు. వాళ్లు మిమ్మల్ని కావాలనుకున్నారు, అయినా మీరు కనిపించరు. కనిపించాలంటే డబ్బు కట్టి “బూస్ట్” చెయ్యాలి. ఒకసారి చేరినవాళ్లకే మళ్లీ మళ్లీ రుసుము కట్టి కబురంపడం! మా పత్రిక రోజుల్లో తపాలావాళ్లు “ఈ నెల మీ చందాదారుల్లో కొందరికే ఇస్తాం, మిగతావాళ్లకు కావాలంటే ఇంకాస్త కట్టండి” అని ఉంటే ధర్నా చేసేవాళ్లం.

మరి ఈమెయిలు గొప్ప ఏమిటి? దానికి యజమాని లేడు, అంతే. రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు 1971లో రెండు యంత్రాల మధ్య ఉత్తరం పంపి, పేరుకూ యంత్రానికీ నడుమ ఆ వంకీ గుర్తును (@) పెట్టాడు. 1982లో ఉత్తరాలు ఒక యంత్రం నుంచి ఇంకోదానికి ఎలా సాగాలో నియమాలు రాసి అందరికీ తెరిచి ఉంచారు. ఆ నియమాలు పాటిస్తే ఎవరైనా ఎవరికైనా పంపొచ్చు. జీమెయిల్ వాడే పాఠకుడికి మీరు జీమెయిల్ నుంచే రాయాలని లేదు. మెయిళ్లు పంపిపెట్టే కంపెనీ ఒకటి రేట్లు పెంచితే, మీ జాబితాను ఒక ఎక్సెల్ ఫైలుగా దించుకుని ఇంకో కంపెనీకి మారొచ్చు. పాఠకుడికి తేడా కూడా తెలియదు. తపాలాశాఖ 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ ప్రింటెడ్ బుక్స్ సేవను ఎత్తేసినప్పుడు పుస్తకం పంపే ఖర్చు పెరిగి మీరంతా గగ్గోలు పెట్టారు, న్యాయమే. కానీ చిరునామాలు మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి కొరియరో, బస్సు పార్శిలో వెతుక్కోగలిగారు. ఏ రవాణా అయినా ఏదో ఒక రోజు మారుతుంది. రిజిస్టరు మన బీరువాలో ఉండాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాచను. రచ్చబండ అని యాహూ గుంపు ఒకటి ఉండేది. అమెరికాలోనూ ఇక్కడా ఉన్న తెలుగు సాహిత్యప్రియులు ఛందస్సు మీదా కథల మీదా ఈమెయిళ్లలోనే గంటలకొద్దీ పోట్లాడుకున్నారు. అదీ ఈమెయిలే కదా! అయినా యాహూ గుంపుల్లో పోగైన పాత రాతలన్నిటినీ కంపెనీ చెరిపేసి, 2020 డిసెంబరులో ఆ సేవనే మూసేసింది. అందుకే ఈమెయిలు అన్న మాటకు మొక్కొద్దు. జాబితా నకలు మీ దగ్గర ఉందా లేదా, అది చూసుకోండి. నెలకోసారి ఫైలు దించి, పెన్‌డ్రైవులో ఒకటి, ఇంట్లో ఇంకొకటి. అచ్చాఫీసులో ఒక్కటే ఉంచితే చెదలో, కుర్రాడి రాజీనామానో పట్టుకుపోతుంది.

“తెలుగువాళ్లు మెయిళ్లు చూస్తారా అండీ?” అని మీరు నవ్వుతారని తెలుసు. ఈ నవ్వులో నిజం ఉంది. మనవాళ్లలో చాలామందికి జీమెయిల్ ఖాతా ఫోను కొన్నప్పుడు షాపువాడు తెరిచిపెట్టిందే. పాస్‌వర్డు ఆ షాపువాడికే తెలుసు. అందులోకి బ్యాంకు స్టేట్‌మెంట్లు, కరెంటు బిల్లులు, పిల్లల హాల్‌టికెట్లు వచ్చి పడుతుంటాయి, ఎవరూ తెరవరు. తెనాలిలో రిటైరైన తెలుగు మాస్టారికి మెయిలు పంపితే నెలకైనా చూస్తారో లేదో. కానీ హైదరాబాదులో, బెంగళూరులో, డాలస్‌లో కూర్చుని మీ పుస్తకాలు కొనేవాళ్లకు మెయిలు రోజూ తెరిచే కిటికీ. ఆఫీసులో ఫేస్‌బుక్ తెరిస్తే పక్కవాడు చూస్తాడు, మెయిలు తెరిస్తే పనిచేస్తున్నట్టు ఉంటుంది. ఇంకో మాట, పదిహేనేళ్లలో మూడు ఫోన్ నంబర్లూ నాలుగు ఇళ్లూ మారినవాళ్ల మెయిలు ఐడీ మాత్రం మారలేదు. నాకు తెలిసిన చాలామంది సంగతి ఇదే.

అందుకని నేను అడిగేది రిజిస్టరు. అందులో మెయిలు ఐడీకి గడి ముందు. పక్కన ఫోను నంబరు, ఊరు, ఏ పుస్తకం కొన్నారు. మెయిలు లేనివారికి వాట్సాప్‌లో చెప్పండి, తప్పులేదు. కాకపోతే దాని హద్దులు తెలుసుకోండి. ఒక బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి పట్టరు, అదీ మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే చేరుతుంది. గ్రూపు పెడితే ఒకరి నంబరు ఇంకొకరికి కనిపిస్తుంది, మూడో రోజుకు గుడ్‌మార్నింగ్ గులాబీలు మొదలవుతాయి, ఎన్నికలొస్తే తన్నుకుంటారు. తెనాలి మాస్టారికి ఒక కార్డు రాయండి. మీ రచయిత చేత రాయిస్తే ఆయన పదేళ్లు దాచుకుంటారు.

ఇక స్టాల్లో ఏం చెయ్యాలి. బల్లమీద ఒక నోటుపుస్తకం, దారం కట్టిన పెన్ను. పైన ఒక వాక్యం తెలుగులో: కొత్త పుస్తకం వచ్చినప్పుడు మాత్రమే రాస్తాం, వద్దంటే ఆపేస్తాం. ఆ వాక్యమే అసలు ఒప్పందం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా అదే అడుగుతోంది. దేనికి తీసుకుంటున్నారో చెప్పి, ఒప్పుకుంటేనే తీసుకోవాలి, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోనివ్వాలి. మీ ఫోనులో ఉన్న కాంటాక్టులన్నీ ఎత్తి జాబితాలో పోయొద్దు. సాహిత్యసభ నిర్వాహకుల దగ్గర హాజరు పట్టీ అరువు తెచ్చుకోవద్దు. వేలకొద్దీ ఐడీలు అమ్ముతామనేవాళ్ల ఫోను ఎత్తనే ఎత్తొద్దు.

చేతిరాతతో ఒక తిప్పలుంది. ఇంగ్లీషు “ఎల్” అక్షరమో అంకె ఒకటో తేలదు, కింద గీత ఉందో లేదో తెలీదు. అందుకే ఆ రాత్రే ఎక్కించి, ఒక పలకరింపు పంపి, “మీరేనా? అయితే ఇక్కడ నొక్కండి” అని అడగండి. నొక్కనివారిని వదిలెయ్యండి. జాబితా చిన్నదవుతుంది. అవనివ్వండి, నొక్కినవారు నిజంగా కావాలన్నవారు.

అందరి ఐడీలూ మీ సొంత జీమెయిల్లో బీసీసీ గడిలో పెట్టి పంపే అలవాటు మీలో కొందరికి ఉంది. మామూలు జీమెయిల్ రోజుకు 500 మందిని దాటనివ్వదు, దాటితే ఒక రోజు దాకా తలుపు మూసేస్తుంది. కొందరు బీసీసీ బదులు సీసీలో పెట్టి, పాఠకులందరినీ ఒకరికొకరిని పరిచయం చేశారు కూడా! దీనికోసమే ఉన్న సేవలు చాలా ఉన్నాయి, చిన్న జాబితాకు కొన్ని ఉచితం. మీ సంస్థ సొంత డొమైన్ మీద ఐడీ తీసుకుని, ఉత్తరం నిజంగా మీరే పంపారని రుజువుచేసే ఏర్పాట్లు ఎవరైనా తెలిసిన కుర్రాడి చేత ఒకసారి చేయించుకోండి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఇందులో గట్టిగా ఉన్నాయి. జీమెయిల్‌కు రోజుకు 5000 పైన పంపేవారికి ఒక్క నొక్కుతో వైదొలిగే వీలు తప్పనిసరి. మీరెవరూ 5000 పంపరు, సరే. కానీ వెయ్యిమందిలో ముగ్గురు “స్పామ్” అని కొడితే చిన్నవాళ్లనూ పక్కకు నెడతారు. వద్దన్నవాణ్ని వెంటనే పోనిస్తే ఆ ముగ్గురు తయారవరు.

మెయిలు తెరిచారా లేదా అని చూపే లెక్కల్ని కూడా పెద్దగా నమ్మొద్దు. 2021లో ఆపిల్ చేసిన మార్పుతో ఆ కంపెనీ మెయిల్ యాప్‌లో తెరవనివి కూడా తెరిచినట్టు నమోదవుతున్నాయి. ఎంతమంది జవాబు రాశారో అది లెక్కపెట్టుకోండి.

మీ అందరికీ ఉన్న జబ్బు ఇంకోటి: యూనికోడ్ కాని అనూ ఫాంట్లు. పేజ్‌మేకర్లో కూర్చిన పాఠాన్ని అలాగే తెచ్చి మెయిల్లో అతికిస్తే పాఠకుడికి ఇంగ్లీషు అక్షరాలూ ఆశ్చర్యార్థకాలూ కలిసిన పిచ్చిరాత కనిపిస్తుంది. కొందరు దీన్ని తప్పించుకోవడానికి ఉత్తరాన్ని బొమ్మగా మార్చి పంపుతున్నారు. బొమ్మను వెతకలేం, చూపు తగ్గినవారి ఫోను దాన్ని సరిగా చదివి వినిపించలేదు, చాలా మెయిళ్లలో అది తెరుచుకోదు కూడా. యూనికోడ్‌లో రాయండి. విషయం గడిలో కూడా తెలుగే. ఇంగ్లీషు మెయిళ్ల గుట్టలో ఒక్క తెలుగు వరుస కనపడితే వేలు అక్కడ ఆగుతుంది, నాది ఆగుతుంది మరి.

ఏం రాయాలి? పండుగ శుభాకాంక్షల పోస్టర్లు వద్దు. ఆవిష్కరణ సభలో శాలువాల ఫొటోలు అసలే వద్దు. కొత్త పుస్తకంలో మొదటి నాలుగు పేజీలు పంపండి. ఈ రాతప్రతి మీ దగ్గరకు ఎలా వచ్చింది, రచయితతో ఏ అధ్యాయం మీద వాదన జరిగింది, ఎందుకు వెయ్యాలనిపించింది, అది మీరు తప్ప ఎవరూ రాయలేరు. చాలాకాలంగా దొరకని పుస్తకం మళ్లీ వేద్దామనుకుంటే, ముందు జాబితాకు రాసి అడగండి. వెయ్యి ప్రతులు వేసి ఆరేళ్లు గోడౌన్లో ఎలుకలకు కాపలా కాసే బదులు, రెండొందల మంది ముందే “నాకొకటి” అని డబ్బు పంపితే అచ్చు, కాగితం ఖర్చులో ఒక పాలు చేతిలో పడుతుంది. ఎన్ని వెయ్యాలో కూడా తేలుతుంది. వెనకటికి చందాదారుల పేర్లు పుస్తకం చివర అచ్చువేసేవారు. ఆ రెండొందల పేర్లూ వెయ్యండి. అందులో తన పేరున్న పుస్తకాన్ని ఎవడూ ఒక్కటే కొనడు.

నెలకొక ఉత్తరం చాలు. ఎవరైనా జవాబు రాస్తే తిరిగి రాయండి, ఇదొక్కటి మాత్రం కుర్రాడికి అప్పగించొద్దు.

ఫేస్‌బుక్ మానెయ్యమని నేననను. తిరునాళ్లకు వెళ్లకుండా వ్యాపారం ఎలా సాగుతుంది? కొత్త ముఖాలు అక్కడే కనపడతాయి. ఏళ్ల తరబడి విజయవాడ స్వరాజ్య మైదానంలో జరిగిన మన పుస్తకాల పండుగ, అక్కడ అంబేడ్కర్ స్మృతివనం రావడంతో వేరే మైదానాలకు మారింది. పాఠకులు వెతుక్కుంటూ వచ్చారు, ఎందుకంటే పేపర్లో వేశారు, పదిమందీ చెప్పుకున్నారు. మీ ఒక్క స్టాలు మారితే ఎవరు చెప్తారు?

నా పేజీ పోయాక, పాత సంచీలో ఒక కవర్ దొరికింది. ఎప్పుడో ఒక కథల సభకు వచ్చినవాళ్లు, మళ్లీ సభ పెడితే చెప్పమని కాగితం మీద రాసిచ్చిన మెయిలు ఐడీలు. రెండొందల పైచిలుకు. మూడోవంతు తప్పుల తడక. మిగతావాళ్లకు ఒక్కొక్కరికీ రాశాను. ఒకావిడ నుంచి అరగంటలో జవాబు: “పేజీ కనపడకపోతే మీకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం.” ఇప్పుడు నా రిజిస్టరు అక్కణ్నుంచే మొదలైంది.

వచ్చే పండుగకూ వస్తాను. చివరి రోజు సాయంత్రం, జనం పలచబడ్డాక, మళ్లీ కుర్చీ అడుగుతాను. ఆ చీటీ పెద్దాయన కనపడితే మీ స్టాలుకే తీసుకొస్తాను. నోటుపుస్తకం బల్లమీదే ఉంచండి, పుస్తకాల దొంతర కింద కాదు. పెన్నుకు కట్టే దారం కాస్త పొడుగ్గా ఉండనివ్వండి, ఆయనది ఎడమచేతి వాటం.

ఇట్లు,
మీ పుస్తకాలు కొనే ఒక మాజీ సర్క్యులేషన్ గుమాస్తా